మెదడు రక్తనాళాలకు బుడగల పరీక్ష: కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్

పుర్రె తెరవకుండా, ఎక్స్‌రే కిరణాలు వాడకుండా, మన చెవికి అందని ధ్వనితో మెదడు రక్తనాళాలను పరిశీలించే పద్ధతి అల్ట్రాసౌండ్. ఎముక అడ్డుపడి ఆ ధ్వని నీరసించినప్పుడు చేతి సిరలోకి అతి సూక్ష్మమైన వాయు బుడగలు ఎక్కిస్తారు. అవి నెత్తురుతో పాటు మెదడుకు చేరి ప్రతిధ్వనిని అనేక రెట్లు పెంచుతాయి. దీన్నే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ అంటారు. పక్షవాతం వచ్చినవారిలో ఏ నాళం మూసుకుపోయింది, ఏది సన్నబడింది, నెత్తురు ఎటు మళ్లింది అన్న ప్రశ్నలకు ఇది మంచం పక్కనే జవాబు వెతుకుతుంది.

మాట దగ్గర ఒక చిక్కుంది. తెలుగు వాడుకలో నరం అంటే నాడి కావచ్చు, సిర కావచ్చు, ధమని కావచ్చు. 'మెదడులో నరం చిట్లింది', 'మెడ నరం మూసుకుపోయింది' అని పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో చెప్పుకునేది అసలు నాడి గురించి కాదు, రక్తనాళం గురించి. సూదిమందు ఎక్కించే నరం సిర. ఈ వ్యాసంలో గుండె నుంచి నెత్తురు తెచ్చేది ధమని, గుండెకు తిరిగి మోసేది సిర.

మెదడు బరువు శరీరం బరువులో రెండు శాతమే. అయినా గుండె పంపే నెత్తురులో ఇంచుమించు ఐదో వంతు అదే తీసుకుంటుంది. ఆ సరఫరా నాలుగు దారుల్లో వస్తుంది: మెడ ముందువైపు రెండు కారోటిడ్ ధమనులు, వెన్నుపూసల రంధ్రాల గుండా పైకి ఎక్కే రెండు వెర్టిబ్రల్ ధమనులు. ధమని సాధారణంగా కొమ్మలుగా చీలిపోయేదే గాని మరోదానితో కలిసేది కాదు. వెర్టిబ్రల్ జంట మాత్రం మెదడు కాండం ముందు కలిసిపోయి బేసిలార్ అనే ఒక్క ధమని అవుతుంది. తుంగభద్ర ఎడమ గట్టున ఉన్న ఆలంపూర్ వారికి ఈ సంగతి బొమ్మ లేకుండానే అర్థమవుతుంది. కర్ణాటకలోని కూడ్లి దగ్గర తుంగ, భద్ర కలిసి ఒక్క పేరుతో ఒక్క నదిగా వాళ్ల ఊరు చేరతాయి. ఊరు దాటాక ఆ నది కృష్ణలో కలుస్తుంది. పై నదుల్లో దేనికి అడ్డుపడినా కింద ప్రవాహం మారుతుంది. బేసిలార్‌లో నెత్తురు ఎటు, ఎంత వేగంతో పోతోందో కొలిస్తే పైనున్న వెర్టిబ్రల్ ధమనుల స్థితి కూడా కొంత తెలుస్తుంది.

ముందు నుంచి వచ్చే కారోటిడ్‌లను, వెనక నుంచి వచ్చే బేసిలార్‌ను మెదడు అడుగున సన్నని ధమనులు వలయంగా కలుపుతాయి. ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ 1664లో తన మెదడు శరీర నిర్మాణ గ్రంథంలో దీన్ని వర్ణించాడు. అందుకే ఇది విల్లిస్ వలయం. ఒక దారి మూతపడితే మరో దారి ఆదుకునేలా ఉన్న ఏర్పాటు ఇది. అయితే చాలామందిలో ఈ వలయంలో ఏదో ఒక కొమ్మ మరీ సన్నగా ఉంటుంది, కొందరిలో అసలే ఉండదు. ఒకే రకమైన అడ్డంకి ఒకరికి వేళ్ల తిమ్మిరితో పోయి, మరొకరికి కాలూసెయ్యీ పడిపోవడానికి ఈ తేడా కూడా ఒక కారణం.

కణత కిటికీ

జాతీయ రహదారి మీద ఆలంపూర్ చౌరస్తాలో నిలబడితే కర్నూలు వైపు దూసుకొచ్చే లారీ హారన్ దగ్గరపడుతున్నప్పుడు సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినబడుతుంది. కదిలే వస్తువు వల్ల తరంగంలో వచ్చే ఈ మార్పును 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ సూత్రీకరించాడు. ధ్వనిని రక్తనాళం మీదికి పంపితే ఎర్రకణాలు దాన్ని చెదరగొట్టి కొంత వెనక్కి పంపుతాయి. కణాలు ధ్వని పంపే ప్రోబ్ వైపు వస్తుంటే తిరిగొచ్చే ధ్వని పౌనఃపున్యం పెరుగుతుంది, దూరం పోతుంటే తగ్గుతుంది. ఆ తేడానుంచి వేగాన్ని లెక్కగడతారు.

మెడలోని కారోటిడ్‌ల మీద ఈ పరీక్ష తేలికే. మెదడులో మాత్రం పుర్రె అడ్డం. పంపిన ధ్వనిశక్తిలో అధిక భాగాన్ని ఎముక మింగేస్తుంది. మిగిలినది నాళం దాకా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే ఎముక దాటాలి. 1982లో నార్వేకు చెందిన రూనే ఆస్లిడ్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో సహచరులతో కలిసి దీనికి మార్గం చూపాడు. కంటికీ చెవికీ మధ్య కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది. అక్కడ 2 మెగాహెర్ట్జ్ ధ్వనిని, అంటే సెకనుకు 20 లక్షల కంపనాల ధ్వనిని పంపితే అది లోపలికి పోయి రాగలదు. ఎక్కువ పౌనఃపున్యమైతే బొమ్మ నిశితంగా ఉంటుంది గాని ఎముక దాటలేదు. ఈ పరీక్షకు ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అని పేరు. ఆసుపత్రుల్లో అందరూ టీసీడీ అంటారు. కణతతో పాటు కంటిగుంట, తల వెనక మెడ మొదట్లో ఉండే గుంట కూడా కిటికీలుగా పనికొస్తాయి. బేసిలార్ చేరడానికి ఆ వెనక గుంటే దారి.

కణతకు 45 నుంచి 65 మిల్లీమీటర్ల లోతులో మధ్య మస్తిష్క ధమని దొరుకుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడిలో అందులో నెత్తురు సగటు వేగం సెకనుకు 60 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఆ వేగానికి 2 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే పౌనఃపున్య భేదం సుమారు 1,560 హెర్ట్జ్. ఇది మనిషి చెవికి చక్కగా వినబడే స్వరం. అందుకే టీసీడీ యంత్రానికి స్పీకర్ ఉంటుంది. చేయి తిరిగిన డాక్టరు తెర చూసేకంటే ముందే చెవితో పట్టేస్తాడు. బాగున్న నాళం గుండె లయతో మెత్తగా ఊపిరి తీసినట్టు వినిపిస్తుంది. సన్నబడిన చోట స్వరం హెచ్చి ఈలలోకి పోతుంది. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారినట్టే ఇరుకైన ధమనిలో నెత్తురు వేగం పెరుగుతుంది. మెదడు పొరల కింద నెత్తురు చిమ్మిన తర్వాత రోజుల్లో ధమనులు ముడుచుకుపోయే ప్రమాదం ఉంటుంది. మధ్య మస్తిష్క ధమనిలో వేగం 120 దాటితే అనుమానించాలి, 200 దాటితే పరిస్థితి తీవ్రం. అలాంటి రోగిని రోజూ సీటీకి మోసుకుపోయే పని లేకుండా మంచం మీదే కొలవగలగడం టీసీడీ చేసిన గొప్ప మేలు.

మొదటి యంత్రాలు వేగాన్ని చెప్పేవి గాని బొమ్మ చూపేవి కావు. 1990 ప్రాంతంలో జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో ఉల్రిచ్ బోగ్డాన్, గియోర్గ్ బెకర్ బృందం పెద్దవాళ్ల పుర్రె గుండా రంగుల డాప్లర్ బొమ్మ తీయడాన్ని ప్రచురించింది. మెదడు కాండం నీడ, దాని చుట్టూ ఎరుపు నీలం రంగుల్లో విల్లిస్ వలయం తెర మీదికి వచ్చాయి. కాని కిటికీ అందరికీ తెరుచుకోదు. పరీక్షకు వచ్చేవారిలో పది నుంచి ఇరవై శాతం మందికి కణత ఎముక మందంగానో, గట్టిగానో ఉండి ధ్వని పోదు. వయసు మళ్లిన స్త్రీలలో, ఆసియా వాసులలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పక్షవాతం ముప్పు ఎక్కువున్న వయసులోనే కిటికీ మూసుకుపోతుండటం ఈ పరీక్షకున్న అసలు లోపం. బుడగల అవసరం ఇక్కడే వచ్చింది.

బుడగ ఎందుకు మోగుతుంది

1968లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా గుండె అల్ట్రాసౌండ్ చేస్తూ బృహద్ధమని మొదట్లోకి ఒక రంగు మందు పంపినప్పుడు తెర మీద మబ్బులా మెరుపు కనబడిందని రాశారు. ఆ మెరుపు మందుది కాదు, దానితో పాటు పోయిన సూక్ష్మ బుడగలదని తర్వాత తేలింది. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ అక్కడే పుట్టింది.

నెత్తురులోని ఎర్రకణం, దాని చుట్టూ ఉన్న ద్రవం ధ్వనికి దాదాపు ఒకేలా కనబడతాయి. వాయువు అలా కాదు. ద్రవానికీ వాయువుకీ సాంద్రతలో, నొక్కుడుకు లొంగడంలో ఉన్న తేడా అపారం. కాబట్టి బుడగ తన పరిమాణానికి మించి ధ్వనిని చెదరగొడుతుంది. అంతటితో ఆగదు. ధ్వని పీడనం పెరిగినప్పుడు కుంచించుకుని, తగ్గినప్పుడు ఉబ్బి, తానే చిన్న గంటలా మోగుతుంది. డచ్ ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మినార్ట్ 1933లో పారే నీటి గలగల ఎక్కడిదని ఆలోచించి, అది నీటిలో చిక్కిన గాలి బుడగల మోత అని చూపాడు, బుడగ ఎంత చిన్నదైతే స్వరం అంత హెచ్చని లెక్క ఇచ్చాడు. వానాకాలంలో తుంగభద్ర బండల మీద చేసే చప్పుడు వివరించిన ఆ లెక్కే రక్తనాళానికీ వర్తిస్తుంది. మినార్ట్ లెక్క ప్రకారం మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసమున్న బుడగ సహజంగా మోగే పౌనఃపున్యం రెండు మెగాహెర్ట్జ్ పైచిలుకు. సన్ననాళాల్లో దూరి పోగలిగే పరిమాణానికి, పుర్రె దాటగలిగే ధ్వనికి ఇలా జోడీ కుదరడం ప్రకృతిలో కలిసొచ్చిన విషయం. అది కుదరకపోతే ఈ పరీక్షే లేదు.

వట్టి గాలి బుడగతో రెండు ఇబ్బందులు. అది క్షణాల్లో నెత్తురులో కరిగిపోతుంది. పెద్దదైతే ఊపిరితిత్తుల సన్ననాళాల్లోనే ఆగిపోతుంది. చేతి సిరలో ఎక్కించినది మెదడుకు చేరాలంటే ఊపిరితిత్తులు దాటి గుండె ఎడమ భాగానికి రావాలి. 1990లలో జర్మనీలో షెరింగ్ సంస్థ చేసిన లెవోవిస్ట్ ఆ పని చేసింది. పాలలో ఉండే చక్కెర రకం గాలాక్టోజ్ రేణువులకు పామిటిక్ ఆమ్లం చేర్చి బుడగలకు ఆయుష్షు పోసింది. మెదడు ధమనుల బొమ్మలకు యూరప్‌లో దీన్ని విస్తారంగా వాడారు. తర్వాత 2001లో ఇటలీకి చెందిన బ్రాకో సంస్థ సోనోవ్యూకు యూరప్‌లో అనుమతి వచ్చింది. దీని లోపల గాలికి బదులు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఉంటుంది. విద్యుత్ సబ్‌స్టేషన్‌లలో పెద్ద స్విచ్చుల్లో నింపే వాయువే ఇది. రక్తంలో సులువుగా కరగదు, దేనితోనూ కలవదు. చుట్టూ ఫాస్ఫోలిపిడ్ పొర. బుడగ సగటు వ్యాసం రెండున్నర మైక్రాన్లు, ఎర్రకణంలో మూడో వంతు. ఒక పరీక్షకు వాడే 2.4 మిల్లీలీటర్లలో ఉండే వాయువు మొత్తం ఇరవై మైక్రోలీటర్లకు లోపే. ఒక నీటిబొట్టులో సగం కూడా కాదు. దానిలోనే కోట్ల బుడగలు. పని అయ్యాక వాయువు ఊపిరిలో బయటికి పోతుంది, పావుగంటలో దాదాపు ఏమీ మిగలదు. పొర కొవ్వుగా శరీరంలో కలిసిపోతుంది.

ఈ మందు మూత్రపిండాల గుండా పోదు, ఇందులో సీటీ మందులో ఉండే అయోడిన్ లేదు, ఎంఆర్‌ఐ మందులో ఉండే గాడోలినియం లేదు. చక్కెర జబ్బుతో మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు సీటీ యాంజియో మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. పక్షవాతం, చక్కెర, మూత్రపిండాల జబ్బు ఒకే మనిషిలో ఉండటం మన దగ్గర అరుదు కాదు కాబట్టి ఈ గుణానికి విలువ ఎక్కువ. తీవ్రమైన అలర్జీ అరుదు. ఇటలీలో 23 వేలకు పైగా ఉదర పరీక్షలను పరిశీలించి 2006లో ప్రచురించిన లెక్కలో తీవ్రమైన ఇబ్బంది రెండే సార్లు వచ్చింది. అయినా రెండు సార్లు వచ్చింది కాబట్టి ప్రాణం కాపాడే మందులు, ఆక్సిజన్ పక్కన లేకుండా ఈ సూది వేయకూడదు. ఇటీవల గుండెపోటు వచ్చి కుదుటపడనివారికి, ఊపిరితిత్తుల రక్తపోటు తీవ్రంగా ఉన్నవారికి దీన్ని ఇచ్చే ముందు బాగా ఆలోచించాలి. యూరప్ అనుమతి పత్రంలో మెదడు ధమనుల డాప్లర్ పరీక్ష స్పష్టంగా ఉంది. అమెరికాలో ఇదే మందు లుమాసన్ పేరుతో 2014లో గుండె పరీక్షకు, 2016లో కాలేయానికి అనుమతి పొందింది, మెదడుకు కాదు. ఇండియాలో బుడగల మందు వాడకం ఎక్కువగా కాలేయపు గడ్డలు చూడటానికే.

పరీక్ష జరిగే తీరు

రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. కణత మీద జెల్ రాసి ప్రోబ్ ఆనించి ముందు మామూలుగా చూస్తారు. బొమ్మ చాలకపోతే చేతి సిరలో కాన్యులా పెట్టి బుడగల మందు ఒక్కసారిగా గాని, పంపుతో నెమ్మదిగా గాని ఎక్కిస్తారు. వెంట కొంత సెలైన్ నెట్టుతారు. కొద్ది సెకన్లలో చీకటి తెర మీద మధ్య మస్తిష్క ధమని వెలిగిపోతుంది. అది చూసినవారు మరవలేరు. అంతకు ముందు ఇసుక రాలినట్టున్న తెర మీద ఒక్కసారిగా ధమని కొమ్మ విప్పుకుంటుంది. కిటికీ సరిగా లేని రోగులలో అత్యధికులకు ఇలా పనికొచ్చే బొమ్మ వస్తుంది. ఎముక పూర్తిగా మూసేసినవారికి బుడగలు కూడా సాయపడవు. లోపలికే పోని ధ్వనిని అవి ఎలా పెంచుతాయి?

వెలుగు ఎక్కువైనా కష్టమే. సూది వేసిన వెంటనే రంగు నాళం గట్లు దాటి పొర్లిపోతుంది, సన్న ధమని లావుగా కనబడుతుంది, వేగం కూడా నిజం కంటే హెచ్చుగా చూపిస్తుంది. ఆ అంకె చూసి నాళం ఇరుకైందని రాస్తే తప్పు. యంత్రం గెయిన్ (ప్రతిధ్వనిని పెంచి చూపే మోతాదు) తగ్గించుకుని, పొర్లు తగ్గాక కొలవాలి. ఇంకో మార్గం బుడగ మోతలో ప్రత్యేకమైన స్వరాన్ని మాత్రమే వినడం. ధ్వని తీవ్రత తగినంత ఉంటే బుడగ పంపిన పౌనఃపున్యానికి రెట్టింపు స్వరాన్ని కూడా పలుకుతుంది. ఎముక, మెదడు కణజాలం అంతగా పలకవు. ఆ రెట్టింపు స్వరాన్నే వడగడితే నెత్తురున్న చోటే వెలుగు కనబడుతుంది. ఈ పద్ధతిలో పెద్ద ధమనులే కాక మెదడు కణజాలంలోకి నెత్తురు చేరే తీరు కూడా చూడవచ్చు. ఒక తీవ్రమైన ధ్వని పలుకుతో బుడగలన్నిటినీ పగలగొట్టి, మళ్లీ ఎంతసేపటికి నిండుతాయో చూస్తారు. చెరువు తూము మూసి తెరిస్తే ఏ మడికి ముందు నీళ్లందాయో, ఏది ఎండిపోయిందో రైతు చూసినట్టు. జర్మనీలో ఈ దిశగా చాలా కృషి జరిగింది. అయితే పుర్రె లోపల ధ్వని తీవ్రత చోటు చోటుకూ మారిపోతుంది కాబట్టి ఆ కొలతలు ఇప్పటికీ సీటీ, ఎంఆర్‌ఐ కొలతలంత నమ్మదగినవి కాలేదు.

తెలుగువాళ్ల మెదడు ధమనుల్లో జబ్బు ఎక్కడ

ఐరోపా, అమెరికా పుస్తకాలు పక్షవాతం గురించి చెబుతూ మెడలోని కారోటిడ్‌లో పేరుకునే కొవ్వు పొరను ముందు పెడతాయి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం ఏడాది పాటు పక్షవాతం రోగుల వివరాలు నమోదు చేసి 2002లో ప్రచురించింది. అందులో తేలిన ముఖ్య విషయం, పుర్రె లోపలి పెద్ద ధమనులు ఇరుకు కావడమే ఇక్కడ ప్రముఖ కారణమని. తూర్పు ఆసియాలోనూ ఇదే తీరు. ఈ ఒక్క సంగతి మన దగ్గర పరీక్షల వరసను మార్చేస్తుంది. మెడ డాప్లర్ చేసి 'అంతా బాగుంది' అని పంపేస్తే, జబ్బు ఉన్న చోటును చూడనే లేదన్నమాట. పుర్రె లోపలికి చూడగలిగే పరీక్ష కావాలి. ఎంఆర్ యాంజియో, సీటీ యాంజియో ఉన్నచోట అవి సరే. ఒక రోగిని మళ్లీ మళ్లీ చూడాలంటే, మందులు పనిచేస్తున్నాయో నెలల తరబడి గమనించాలంటే టీసీడీయే తేలిక. కిటికీ మూసుకుపోయిన పెద్దావిడ విషయంలో టీసీడీకి బుడగలు తోడు కావాలి.

నిమ్స్ నుంచే వచ్చిన మరో ముఖ్యమైన లెక్క సిరల పక్షవాతానిది. మెదడు సిరల్లో, వాటిని కలుపుకునే పెద్ద సైనస్‌లలో నెత్తురు గడ్డకట్టిన 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు. రక్తహీనత, నెత్తురులో హోమోసిస్టీన్ పెరగడం, మద్యం, గర్భనిరోధక మాత్రలు అందులో కనబడిన కారణాలు. తీవ్రమైన తలనొప్పి, మూర్ఛలు, చూపు మందగించడం దీని లక్షణాలు. బాలింతల్లో వస్తే గాలి సోకిందని పల్లెల్లో రోజులు గడిపేయడం జరిగేది. సిరల్లో నెత్తురు నెమ్మదిగా పోతుంది కాబట్టి మామూలు డాప్లర్‌కు చిక్కదు. బుడగల మందు ఇచ్చాక లోతైన సిరలు, తల వెనక అడ్డంగా పోయే సైనస్ కనబడతాయి. నిర్ధారణకు మాత్రం ఎంఆర్ వెనోగ్రాఫీ మీదే ఆధారపడాలి. బుడగల పరీక్ష తర్వాత గమనించడానికి ఉపయోగం.

సెలైన్ బుడగ

బుడగలన్నీ ఖరీదైనవి కావు. అన్నిటికంటే ఎక్కువగా వాడే కాంట్రాస్ట్ పరీక్షకు మందే అక్కర్లేదు. రెండు సిరంజిలు, వాటిని కలిపే మూడు దారుల కుళాయి చాలు. తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్, ఒక మిల్లీలీటరు గాలి తీసుకుని ఒక సిరంజి నుంచి మరోదానిలోకి పదిసార్లు అటూ ఇటూ వేగంగా నెట్టితే నురుగు కడుతుంది. దాన్ని మోచేతి సిరలోకి ఎక్కిస్తూ కణత మీద టీసీడీ పెట్టి వింటారు. ఆసుపత్రుల్లో దీనికి బబుల్ టెస్ట్ అని పేరు.

ఇక్కడ తర్కం తిరగబడుతుంది. సోనోవ్యూ బుడగ మెదడుకు చేరాలి. సెలైన్ బుడగ చేరకూడదు. అది పెద్దది, పొర లేనిది. ఊపిరితిత్తుల సన్ననాళాల్లో చిక్కి మాయమవ్వాలి. అయినా మెదడు ధమనిలో టిక్కు టిక్కుమని వినబడితే, ఊపిరితిత్తులను తప్పించుకునే అడ్డదారి ఏదో ఉన్నట్టే. చాలాసార్లు ఆ దారి గుండెలో ఉంటుంది. కడుపులో బిడ్డకు కుడి, ఎడమ పై గదుల మధ్య ఒక తలుపు తెరిచి ఉంటుంది. పుట్టాక అది మూసుకోవాలి. నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. దాన్ని పీఎఫ్‌ఓ (పేటెంట్ ఫొరామెన్ ఒవాలే) అంటారు. ఎక్కువమందికి దానితో ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో కాలి సిరలో పుట్టిన చిన్న గడ్డ ఆ తలుపులోంచి దూరి మెదడుకు పోతుంది. బీపీ, చక్కెర ఏమీ లేని పడుచువాడికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి మాట తడబడితే వెతకవలసిన కారణాల్లో ఇదొకటి.

పరీక్షలో రోగి శ్వాస బిగబట్టి ముక్కి వదలాలి. దానివల్ల కుడివైపు ఒత్తిడి పెరిగి మూసుకున్నట్టున్న తలుపు కూడా తెరుచుకుంటుంది. టిక్కులు లెక్కపెడతారు. ఒకటీ లేకపోవడం, పది లోపు, పదికి మించి, ఇక లెక్కకందనంత తెరలా దిగడం అని నాలుగు మెట్లు. 2017లో వెలువడిన మూడు పెద్ద పరిశోధనలు, సరిగా ఎంచిన అరవై ఏళ్ల లోపు రోగుల్లో ఈ తలుపును పరికరంతో మూస్తే మళ్లీ పక్షవాతం రావడం తగ్గుతుందని చూపాయి. అప్పటినుంచి బబుల్ టెస్ట్‌కు వైద్యంలో బరువు పెరిగింది. జిల్లా ఆసుపత్రుల స్థాయికి ముందుగా దిగి రావలసిన పరీక్ష ఇదేనని నా నమ్మకం.

పిల్లల పుర్రె

పసిపాపల మాడు మీద ఎముకలు కలవక మెత్తగా ఉంటుంది. చాలామందిలో ఏడాదిన్నర లోపు మూసుకునే ఆ చోటు అల్ట్రాసౌండ్‌కు సహజమైన వాకిలి. పుట్టగానే ఏడవని, ఆక్సిజన్ అందని బిడ్డల మెదడులో నెత్తురు ఎక్కడ తగ్గింది, ఎక్కడ పొంగింది అన్నది బుడగల మందుతో చూసే పరిశోధన కొన్ని దేశాల పిల్లల ఆసుపత్రుల్లో జరుగుతోంది. బిడ్డను ఇంక్యుబేటర్‌లోంచి కదపకుండా చూడగలగడం అందులోని ఆకర్షణ.

కొడవలి కణ రక్తహీనత ఉన్న పిల్లలకు పక్షవాతం ముప్పు ఎక్కువ. అమెరికాలో రాబర్ట్ ఆడమ్స్ నాయకత్వంలో జరిగి 1998లో వెలువడిన పరిశోధనలో, టీసీడీలో వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటిన పిల్లలకు క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే పక్షవాతం తొంభై శాతానికి పైగా తగ్గింది. వైద్యంలో ఒక స్కానింగ్ అంకె ఇంత నేరుగా ప్రాణం కాపాడిన సందర్భాలు తక్కువ. పిల్లల కణత పల్చన కాబట్టి అక్కడ బుడగలు అవసరం లేదు. ఆదిలాబాద్ గోండుల్లో, ఇతర గిరిజనుల్లో ఈ జబ్బు ఉంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ కొడవలి కణ నిర్మూలన మిషన్ రక్తపరీక్షలతో రోగులను గుర్తిస్తోంది. గుర్తించిన పిల్లలకు ఏటా టీసీడీ అందితేనే ఆ గుర్తింపుకు ఫలితం.

బుడగతో చికిత్స

చూడటానికి పంపిన ధ్వనే గడ్డను కరిగించే మందుకు సాయపడుతుందా? 2004లో ఆండ్రీ అలెగ్జాండ్రోవ్ బృందం 126 మంది రోగుల్లో సగం మందికి మందుతో పాటు రెండు గంటలు టీసీడీ కొనసాగించి చూసింది. నాళం పూర్తిగా తెరుచుకోవడమో, రోగి గణనీయంగా కోలుకోవడమో వారిలో 49 శాతం మందికి జరిగింది. మందు మాత్రమే ఇచ్చినవారిలో అది 30 శాతం. గడ్డ దగ్గర మోగే బుడగలు తోడైతే మరింత మేలని ఆశలు పెరిగాయి. తర్వాతి అనుభవం అంత సాఫీగా లేదు. తక్కువ పౌనఃపున్యం వాడిన ఒక ప్రయత్నంలో మెదడులో రక్తస్రావాలు పెరిగి మధ్యలోనే ఆపవలసి వచ్చిందని 2005లో ప్రచురించారు. 2019లో వెలువడిన పెద్ద పరిశోధనలో రోగుల కోలుకోవడంలో తేడా కనబడలేదు. ఈలోగా తొడ ధమనిలోంచి గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతి ముందుకొచ్చింది.

మరో దిశలో మాత్రం బుడగలు కొత్త తలుపు తెరిచాయి. మెదడు సన్ననాళాల గోడ చాలా మందులను లోపలికి రానివ్వదు. కేంద్రీకరించిన ధ్వనితో అక్కడి బుడగలను మోగిస్తే గోడ కాసేపు వదులై మళ్లీ కుదురుకుంటుందని కుల్లెర్వో హ్యునినెన్ బృందం 2001లో జంతువుల్లో చూపింది. 2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మెదడు కణితి ఉన్న రోగికి మొదటిసారి ఇలా మందు అందించారు.

చూడటంలోనూ ముందడుగు పడింది. కార్తీకంలోనూ, 2020 నవంబరులో జరిగిన తుంగభద్ర పుష్కరాల్లోనూ, భక్తులు నదిలో దీపాలు వదిలారు. చీకట్లో నది కనబడదు, దీపాలు కనబడతాయి. ఒక్కో దీపం ఏ దారిన పోయిందో గీసుకుంటూ పోతే తెల్లారేసరికి సుడులతో, పాయలతో సహా నది పటం వచ్చేస్తుంది. పారిస్ పరిశోధకులు 2015లో ఎలుక మెదడులో, 2021లో రోగుల మెదడులో చేసినది సరిగ్గా ఇదే. సెకనుకు వందల బొమ్మలు తీస్తూ ఒక్కో బుడగ ఉన్న చోటును విడివిడిగా గుర్తించి, పుర్రె చేసిన వంకరను లెక్కతో సరిదిద్ది, లక్షల జాడలను కలిపారు. పాతిక మైక్రాన్ల సన్ననాళాలు మనిషి మెదడులో కణత గుండా కనబడ్డాయి. రోజువారీ వైద్యంలోకి ఇది ఇంకా రాలేదు.

ఆలంపూర్ నుంచి

1956 దాకా రాయచూరు జిల్లాలో, తర్వాత మహబూబ్‌నగర్‌లో, 2016 అక్టోబరు 11 నుంచి జోగుళాంబ గద్వాలలో ఉన్న ఆలంపూర్‌కు పెద్దాసుపత్రి అంటే కర్నూలే. పాతిక కిలోమీటర్ల దూరం, మధ్యలో తుంగభద్ర వంతెన. 2014 జూన్ నుంచి ఆ వంతెన రెండు రాష్ట్రాల నడుమ ఉంది. హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో వచ్చింది.

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకున్నా, మాట తడబడినా మొదట కావలసింది బుడగల పరీక్ష కాదు, సీటీ స్కాన్. నాళం మూసుకుపోయిందో చిట్లిందో సీటీయే చెబుతుంది, అల్ట్రాసౌండ్ చెప్పలేదు. గడ్డ కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. లక్వా అనుకుని పసరు మందుకు పోతే ఆ గడువు దారిలోనే అయిపోతుంది. 108కు ఫోన్ చేసి సీటీ ఉన్న ఆసుపత్రికే పోవాలి. టీసీడీ, బుడగలు ఆ తర్వాత: కారణం వెతకడానికి, మళ్లీ రాకుండా చూసుకోవడానికి.

ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల ఎముకల గురించి ఒక మాట. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను చిక్కబరుస్తుంది. ఎముక ఎంత చిక్కనైతే ధ్వనికి అంత అడ్డు. ఫ్లోరోసిస్ ఉన్న పక్షవాతం రోగికి పరీక్ష చేసేవారు కిటికీ దొరకకపోవచ్చన్న ఆలోచనతోనే కాన్యులా సిద్ధం చేసుకోవడం మంచిది. ఫ్లోరోసిస్ ఉన్న జిల్లాల్లో కణత కిటికీలను లెక్కగట్టి చూడటం ఏ వైద్య విద్యార్థికైనా మంచి పరిశోధనాంశం.

యంత్రం దొరకడం కంటే చెయ్యి దొరకడం కష్టం. టీసీడీ నేర్వడానికి నెలల తరబడి కణతల మీద కూర్చుని వినాలి. రంగుల బొమ్మ తీసే అల్ట్రాసౌండ్ యంత్రం కడుపులో బిడ్డను కూడా చూపగలదు కాబట్టి 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద దాన్ని నమోదు చేయించాలి, అనుమతి ఉన్న చోటే వాడాలి. ఆడపిల్లలను కాపాడటానికి వచ్చిన ఆ చట్టాన్ని సడలించమని అడగడం తప్పు. వేగం మాత్రమే వినిపించే, బొమ్మ తీయలేని పాతతరం టీసీడీ పెట్టెతో గర్భాన్ని చూడటం సాధ్యం కాదు. సెలైన్ బబుల్ టెస్ట్‌కు ఆ పెట్టే చాలు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ఒక టీసీడీ పెట్టె, రెండు సిరంజిలు, వినడం నేర్చిన ఒక డాక్టరు ఉంటే ఆ పరీక్ష కోసం ఆలంపూర్ పడుచువాడు హైదరాబాదు దాకా పోనక్కర్లేదు.